ఖాళీ అనుకున్న చోట దొరికిన జన్యువులు
కణం చెప్పిన కథ – 18వ భాగం

గత భాగంలో మనం కంపాలాలో ఆగాం. 1957లో ఉగాండాలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ దవడలు వాచిపోయిన ఒక పిల్లవాణ్ణి చూశాడు. ఆ తర్వాత అలాంటి పిల్లలు వరసగా కంటబడ్డారు. 1958లో ఆయన ఆ జబ్బు గురించి వ్యాసం రాశాడు. 1961లో టెడ్ విలియమ్స్, క్లిఫ్ నెల్సన్ అనే ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని, పాత ఫోర్డ్ కారులో సుమారు పదివేల మైళ్లు తిరిగి, ఆ కణితి ఆఫ్రికాలో ఎక్కడెక్కడ ఉందో పటం గీశాడు. అదే ఏడాది మార్చిలో లండన్‌లో ఆయన చేసిన ప్రసంగం ఆంథొనీ ఎప్‌స్టీన్ చెవిన పడింది. 1964లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ ముగ్గురూ ఆ కణితి కణాల్లో ఒక వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పట్టుకున్నారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అన్న పేరు అలా వచ్చింది.

బర్కిట్ తన చిన్నారి రోగులకు మొదట్లో ఇచ్చిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధక బృందం తయారుచేసిన మందు అది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. ఆ మందు కొద్ది మోతాదులకే కంపాలా పిల్లల్లో కొందరి దవడ వాపు కరిగిపోయిందన్న సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది.

బర్కిట్ లింఫోమాగా పేరుపడ్డ ఆ కణితి కణాల్లో 8వ క్రోమోజోమ్ ముక్క 14వ దాని మీదికి వెళ్లి అతుక్కుంటుందని 1976లో తేలింది. ఆ ముక్క మీద ఉన్నది ఎంవైసీ అనే జన్యువని 1982లో బయటపడింది. కణాన్ని పెరగమని, విడిపోమని తొందరపెట్టే జన్యువు అది. యాంటీబాడీలు తయారుచేసే జన్యువు పక్కన చేరేసరికి దానికి పగ్గం తెగినట్టయింది. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్లో ఆ జన్యువు ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది మరి.

ఇంతవరకూ కథంతా ప్రోటీన్ల చుట్టూ తిరిగింది. జన్యువు అంటే ప్రోటీన్ తయారీకి రాసిపెట్టిన సూచన అనీ, ఆ ప్రోటీన్ ఎక్కువైనా తక్కువైనా చెడిపోయినా క్యాన్సర్ వస్తుందనీ అందరూ నమ్మిన రోజులవి. ఆ నమ్మకానికి లొంగని మూడు చిక్కుముడులు లింఫోమా పరిశోధకుల బల్లల మీదే ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. ఈ భాగం వాటి కథ.

మూడు చిక్కుముడులు

మొదటిది దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా. క్లుప్తంగా సీఎల్‌ఎల్. పెద్ద వయసులో, బీ కణాలు చావాల్సిన సమయంలో చావకుండా పేరుకుపోయే జబ్బు. అవి రక్తంలో కనిపిస్తే లుకేమియా అంటారు, ముఖ్యంగా లింఫు గ్రంథుల్లోనే ఉండిపోతే చిన్న కణాల లింఫోమా అంటారు. రెండూ ఒకటే జబ్బు. ఈ రోగుల్లో సగానికి పైగా మందిలో 13వ క్రోమోజోమ్ మీద 13క్యూ14 అనే చోట కొంత భాగం ఊడిపోయి ఉంటుంది. ఇంతమందిలో ఒకే చోటు పోయిందంటే అక్కడ క్యాన్సర్‌ను అణచే జన్యువు ఏదో ఉండి తీరాలి. పదేళ్లకు పైగా ఎన్నో ప్రయోగశాలలు ఆ చోటును జల్లెడ పట్టాయి. ప్రోటీన్ జన్యువులు కొన్ని దొరికాయి కానీ, నేరం మాత్రం వాటిలో దేని మీదా రుజువు కాలేదు.

రెండోది కోళ్లలో. కోళ్లకు లింఫోమా తెప్పించే ఒక వైరస్ ఉంది. అది తన జన్యు పదార్థాన్ని కోడి డీఎన్‌ఏలో ఎక్కడో ఒకచోట దూరుస్తుంది. ఎంవైసీ పక్కన దూరితే కణితి పుడుతుంది. న్యూయార్క్‌లో విలియం హేవర్డ్ బృందం ఈ కణితులను పరిశీలిస్తుండగా, వైరస్ మళ్లీ మళ్లీ దూరే ఇంకో చోటు కనబడింది. 1989 నాటికే దాన్ని గుర్తించి బిక్ అని పేరు పెట్టారు. ఎంవైసీకి బిక్ తోడైన కణితులు మరింత మొండివి. 1997లో వేన్ టామ్, హేవర్డ్ ఆ జన్యువును విప్పి చూశారు. ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది కానీ, ప్రోటీన్‌గా చదవదగ్గ పొడవైన పాఠం అందులో లేదు. ఇది బహుశా ఆర్‌ఎన్‌ఏగానే పని చేస్తుందని వాళ్లు రాశారు. ఎలా చేస్తుందో చెప్పడానికి ఆనాటికి ఎవరి దగ్గరా మాట లేదు.

మూడోది మళ్లీ 13వ క్రోమోజోమ్ మీదే, ఇంకా కిందికి, 13క్యూ31 దగ్గర. ఇక్కడ పోవడం కాదు, పెరగడం. కొన్ని బీ కణ లింఫోమాల్లో ఈ ముక్క ఒకదానికి పది ప్రతులుగా పేరుకుంటుంది. 2004లో జపాన్‌లోని ఐచి క్యాన్సర్ కేంద్రం పరిశోధకులు ఆ ముక్కలో విపరీతంగా పని చేస్తున్న జన్యువు ఏదో గుర్తించారు. అందులోనూ నమ్మదగ్గ ప్రోటీన్ పాఠం కనబడలేదు.

పోగొట్టుకున్న చోటు ఒకటి, వైరస్ దూరిన చోటు ఒకటి, పెరిగిన చోటు ఒకటి. మూడు చోట్లా నేరం మోపదగ్గ ప్రోటీన్ లేదు.

పురుగు చెప్పిన జవాబు

జవాబు క్యాన్సర్ వార్డు నుంచి రాలేదు. మట్టిలో బతికే, మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగు నుంచి వచ్చింది. ఆ పురుగులో లిన్-4 అనే జన్యువు చెడితే, అది పిల్ల దశలో చేయాల్సిన పనులనే పదే పదే చేస్తూ ఉండిపోతుంది. లిన్-14 అనే మరో జన్యువు చెడితే దీనికి సరిగ్గా వ్యతిరేకం, దశలను దాటేసి ముందుకు దూకుతుంది. ఈ రెండింటికీ సంబంధమేమిటో తేల్చాలని విక్టర్ అంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరూ ఒకప్పుడు ఎంఐటీలో రాబర్ట్ హార్విట్జ్ దగ్గర పని చేసినవాళ్లే.

అంబ్రోస్ ప్రయోగశాలలో రొజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ లిన్-4ను వెంటాడారు. ముక్కలు చేస్తూ పోగా పోగా మిగిలిన డీఎన్‌ఏ చాలా చిన్నది. అందులో ప్రోటీన్ లేదు. దాన్నుంచి తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏ పొడవు 22 అక్షరాలు. అవతల రవ్‌కున్ బృందం లిన్-14 సందేశం (ప్రోటీన్ పాఠాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ) తోక భాగంలో, ప్రోటీన్ పాఠం ముగిసిన తర్వాత ఉండే చోట, ఏవో వరసలు తిరిగి తిరిగి వస్తున్నాయని గమనించింది. 1992లో ఇద్దరూ తమ అక్షరాలను ఒకరికొకరు చెప్పుకున్నారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఆ 22 అక్షరాలు ఆ తోకలోని వరసలకు జోడీగా అతుకుతున్నాయి. 1993 డిసెంబరులో రెండు వ్యాసాలూ ‘సెల్’ పత్రికలో పక్కపక్కనే వచ్చాయి.

పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పురుగులో ఏదో వింత అనుకుని వదిలేశారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే రెండో చిన్న ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టి, అది ఈగలోనూ చేపలోనూ మనిషిలోనూ ఒకే రూపంలో ఉందని చూపించింది. అప్పుడు అందరి చూపూ ఇటు తిరిగింది. మరుసటి ఏడాది ‘సైన్స్’ పత్రికలో మూడు బృందాలు ఇలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయని ప్రకటించి, వాటికి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అని పేరు పెట్టాయి.

వీటి పని తీరు ఇది. ముందు పొడవైన ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అందులో ఒక భాగం తన మీదికి తానే మడతపడి హెయిర్‌పిన్‌లా నిలుస్తుంది. డ్రోషా అనే ఎంజైము ఆ మడతను కత్తిరిస్తుంది. డైసర్ అనే మరో ఎంజైము దాన్ని ఇంకా పొట్టి చేస్తుంది. చివరికి 22 అక్షరాల దగ్గర మిగిలిన పోగు ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో ఒదుగుతుంది. ఆ పోగులో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు ఉన్న ముక్కే గుర్తింపు చిరునామా. దానికి జోడీ కుదిరే వరస ఏ సందేశం తోకలో ఉంటే అక్కడ ఆర్గోనాట్ వాలుతుంది. ఆ సందేశం త్వరగా చివికిపోతుంది, ప్రోటీన్ తయారీ తగ్గుతుంది. గుర్తింపుకు ఏడెనిమిది అక్షరాలే చాలు కాబట్టి ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల సందేశాల మీద పని చేయగలదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువును ఆపేయదు. కాలువ మీది తూము తలుపును జానెడు దించినట్టు, ప్రవాహాన్ని కొంత తగ్గిస్తుంది. మామూలు కణానికి ఆ కొంత తేడా లెక్కలోకి రాకపోవచ్చు. చావు బతుకుల అంచున ఉన్న బీ కణానికి అదే ప్రాణాంతకమో ప్రాణాధారమో అవుతుంది.

మొదటి ముడి వీడింది

ఫిలడెల్ఫియాలో కార్లో క్రోచే ప్రయోగశాల 13క్యూ14 కోసం ఏళ్లుగా తవ్వుతోంది. రుమేనియా నుంచి వచ్చిన డాక్టర్ జార్జ్ కాలిన్ ఆ పని చేతికి తీసుకున్నాడు. రోగులందరిలోనూ తప్పకుండా పోయిన భాగాన్ని కుదించుకుంటూ వస్తే సుమారు 30 వేల అక్షరాల మేర మిగిలింది. అప్పటికి పురుగుల వార్త అందరికీ తెలిసింది. ఆ చిన్న మేరలోనే మిర్-15ఎ, మిర్-16-1 అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. సీఎల్‌ఎల్ రోగుల్లో మూడింట రెండు వంతుల మందిలో అవి పోయాయి లేదా తగ్గిపోయాయి. 2002లో ఈ సంగతి అచ్చయింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ మనిషి క్యాన్సర్‌కూ ముడి పడింది అక్కడే.

అవి దేన్ని అణచేవి? 2005లో అదే బృందం బీసీఎల్-2 పేరు చెప్పింది. ఫాలిక్యులర్ లింఫోమాలో 14వ, 18వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్న చోట 1984లో బయటపడిన జన్యువే ఈ బీసీఎల్-2. కణాన్ని చావనివ్వకపోవడం దాని పని. అణచేవి రెండూ పోయాక బీసీఎల్-2 పెరుగుతుంది, ముసలి బీ కణాలు చావడం మానేస్తాయి. లెక్క బాగా కుదిరింది. అయితే 2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రికార్డో దల్లా-ఫవేరా బృందం ఎలుకల్లో ఈ చోటును తొలగించినప్పుడు సీఎల్‌ఎల్ లాంటి జబ్బే వచ్చింది కానీ, కణ విభజనను నడిపే జన్యువుల మీద అదుపు తప్పడం ముందుకొచ్చింది. ఒక్క బీసీఎల్-2తో కథ ముగియదన్నమాట. వందల సందేశాలను తాకే వస్తువును ఒక్క సందేశంతో వివరించబోతే ఇలాంటి ఇబ్బంది తప్పదు.

2005 జూన్

ఆ ఏడాది జూన్ 9 నాటి ‘నేచర్’ సంచికలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ, క్యాన్సర్‌ల మీద మూడు వ్యాసాలు కలిసి వచ్చాయి. వాటిలో ఒకటి మూడో ముడిని విప్పింది. 13క్యూ31 దగ్గర ఉన్న ఆ జన్యువులో ఆరు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఒకే దారానికి గుచ్చినట్టు ఉన్నాయి. వాటిని కలిపి మిర్-17-92 గుంపు అంటారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో లిన్ హీ, గ్రెగ్ హానన్, స్కాట్ లోవ్, వాళ్లతో పాటు నార్త్ కరోలినాకు చెందిన స్కాట్ హమ్మండ్ ఒక ప్రయోగం చేశారు. వాళ్లు వాడిన ఎలుకలకూ ఒక చరిత్ర ఉంది. 1985లో మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థలో జెర్రీ ఆడమ్స్, సుజాన్ కోరీ బృందం, బర్కిట్ లింఫోమాలో జరిగినట్టే ఎంవైసీని యాంటీబాడీ జన్యువు అదుపులో పెట్టి ఒక ఎలుక జాతిని సృష్టించింది. అవి కొన్ని నెలలకు లింఫోమాతో పోతాయి. లిన్ హీ బృందం ఆ జాతి పిండాల నుంచి రక్తాన్ని పుట్టించే కణాలు తీసి, వాటిలో మిర్-17-92 గుంపులో ఎక్కువ భాగాన్ని చొప్పించి, రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు ఎక్కించింది. లింఫోమా చాలా ముందే వచ్చింది, ఉధృతంగా వచ్చింది. ఆ కణితుల్లో చచ్చే కణాలు అరుదు. ఎంవైసీ ఒక్కటే హద్దు మీరినప్పుడు చాలా కణాలు తమను తాము చంపుకుంటాయి. ఈ గుంపు తోడైతే ఆ ఆత్మహత్య ఆగిపోతుంది.

ప్రోటీన్ లేని జన్యువు కూడా క్యాన్సర్‌ను ఎగదోయగలదని అప్పుడు రుజువైంది.

అదే సంచికలో జాన్స్ హాప్కిన్స్ నుంచి జాషువా మెండెల్ బృందం మరో సంగతి చెప్పింది. ఎంవైసీ ప్రోటీన్ స్వయంగా వెళ్లి మిర్-17-92 గుంపు మీద వాలి దాన్ని పని చేయిస్తుంది. ఆ గుంపులోని రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలేమో ఈ2ఎఫ్1 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తాయి. ఎంవైసీ ఒక చేత్తో ఈ2ఎఫ్1ను పెంచుతుంది, ఇంకో చేత్తో తగ్గిస్తుంది. ఒక వ్యాసం ఈ గుంపును దోషిగా చూపిస్తే, పక్క వ్యాసం అదుపు చేసేదిగా చూపించింది. రెండూ నిజమే. గుంపులో ఆరుగురూ ఒకే పని చేయరు. 2009లో రెండు బృందాలు గుంపును విడదీసి పరీక్షించగా అసలు నేరం మిర్-19ది అని తేలింది. అది పీటెన్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. కణం మరీ బతికేయకుండా చూసే కాపలాదారు పీటెన్.

మెండెల్ బృందం 2008లో వేసిన అడుగు ఇంకా ముఖ్యమైనది. ఎంవైసీ పెంచే మైక్రో ఆర్‌ఎన్‌ఏల కంటే తగ్గించేవే చాలా ఎక్కువని వాళ్లు చూపించారు. తగ్గించే ఆ జాబితాలో లెట్-7 ఉంది, మిర్-34ఎ ఉంది, మొదటి చిక్కుముడిలోని మిర్-15ఎ, మిర్-16-1 కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని లింఫోమా కణాల్లోకి తిరిగి పంపితే ఎలుకల్లో కణితి ఎదుగుదల కుంటుపడింది. ఒకే 13వ క్రోమోజోమ్ మీద పైన ఉన్నవాటిని నొక్కేస్తూ, కింద ఉన్నవాటిని లేపుతూ ఎంవైసీ తన దారి తాను సాఫు చేసుకుంటోంది. లెట్-7కు ఎంవైసీ సందేశాన్నే తగ్గించే శక్తి ఉందని బర్కిట్ లింఫోమా కణాల్లో అంతకు ముందే గమనించారు. తనను అణచేదాన్ని తానే ముందుగా అణచేస్తుందన్నమాట.

బిక్ రహస్యం

కోళ్ల కణితిలో దొరికిన బిక్ మిగిలింది. దాని పొడవాటి ఆర్‌ఎన్‌ఏలో ఒక చిన్న భాగం మాత్రం కోడిలోనూ మనిషిలోనూ దాదాపు ఒకేలా ఉంది. ఆ భాగమే మిర్-155. హాడ్జ్‌కిన్ లింఫోమాలోనూ, పెద్ద బీ కణాల లింఫోమాలో ఉధృతమైన రకంలోనూ అది విపరీతంగా ఉంటుందని 2005లో తేలింది. మరుసటి ఏడాది క్రోచే ప్రయోగశాలలో ఎలుకల బీ కణాల్లో దాన్ని పెంచితే, ఇంకే మార్పూ చేయకుండానే, లుకేమియా-లింఫోమా వచ్చింది.

అయితే ఇదే మిర్-155 లేని ఎలుకలు సరైన రోగనిరోధక శక్తి లేక ఇబ్బంది పడతాయని 2007లో రెండు బృందాలు చూపించాయి. 2008లో మరో మలుపు. యాంటీబాడీలను మెరుగు పరచడానికి బీ కణం ఎయిడ్ అనే ఎంజైముతో తన డీఎన్‌ఏను తానే కోసుకుంటుంది. ఆ కోతలు గురి తప్పినప్పుడే ఎంవైసీ వెళ్లి యాంటీబాడీ జన్యువు పక్కన అతుక్కుంటుంది. ఆ ఎంజైమును మితిమీరకుండా ఆపేది మిర్-155. సరైన మోతాదులో ఉంటే లింఫోమాకు దారితీసే తొలి తప్పును అదే అడ్డుకుంటుంది. మోతాదు మించితే లింఫోమాను అదే నడిపిస్తుంది.

బర్కిట్ కథలోని వైరస్‌కు కూడా ఇందులో వాటా ఉంది. 2004లో థామస్ టుషెల్ బృందం ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన బర్కిట్ లింఫోమా కణాల్లో వెతికితే, వైరస్ సొంతంగా తయారుచేసుకునే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బయటపడ్డాయి. వైరస్‌లకు ఇవి ఉంటాయని ప్రపంచానికి తెలిసింది ఆ కణాల వల్లే.

మందుగా మారిందా?

2010లో యేల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ స్లాక్ బృందం ఎలుకల్లో మిర్-21ను పెంచి లింఫోమా తెప్పించింది. తర్వాత దాన్ని ఆపేస్తే కొద్ది రోజుల్లోనే కణితులు కరిగిపోయాయి. ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీదే కణితి ఆధారపడగలదని తేలడంతో మందుల కంపెనీలు ఉత్సాహపడ్డాయి.

మనుషుల్లో అంత తేలిగ్గా కుదరలేదు. మిర్-34ఎ నకలును కొవ్వు బుడగల్లో పెట్టి క్యాన్సర్ రోగులకు ఎక్కించే తొలి పరీక్షలు 2013లో మొదలయ్యాయి. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురు తిరిగింది, మరణాలు సంభవించాయి, 2016లో పరీక్షలు ఆపేశారు. మిర్-155ను అడ్డుకునే కోబోమార్సెన్ అనే మందును చర్మానికి వచ్చే టీ కణ లింఫోమా రోగుల్లో పరీక్షించారు. కొందరిలో చర్మం మీది గాయాలు తగ్గాయి. రెండో దశ జరుగుతుండగానే కంపెనీ వ్యాపార కారణాలతో 2020లో దాన్ని విరమించుకుంది. లింఫోమాకు ఆమోదం పొందిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు నేటికీ లేదు.

కారణం ఊహించలేనిదేమీ కాదు. మిర్-17-92 పూర్తిగా లేని ఎలుక పిల్లలు పుట్టిన వెంటనే చనిపోతాయి, వాటి ఊపిరితిత్తులు ఎదగవు, బీ కణాలు పండవు. కణితికి ఊతమిచ్చేదే ఆరోగ్యానికీ ఊతం. పైగా చిన్న ఆర్‌ఎన్‌ఏను సరిగ్గా బీ కణానికే చేర్చే మార్గం ఇంకా కుదరలేదు.

అంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది, పురుగు వ్యాసాలు అచ్చయిన 31 ఏళ్లకు. ఈ చరిత్రలో మందు ఇంకా చేతికి రాకపోయినా, తీర్పు మాత్రం స్పష్టంగానే ఉంది. 13క్యూ14, బిక్, 13క్యూ31 మూడింటి ఆధారాలూ క్యాన్సర్ పరిశోధకుల చేతుల్లోనే ఉన్నాయి. ప్రోటీన్ లేకపోతే జన్యువే లేదన్న నమ్మకం వాటిని ఏళ్ల తరబడి ఖాళీ స్థలాలుగా చూపించింది. క్యాన్సర్‌తో సంబంధమే లేదనిపించే పురుగు మీద పరిశోధనకు డబ్బెందుకని అడిగేవాళ్లకు ఈ మూడు ముడులనూ చూపిస్తే చాలు.

వచ్చే భాగంలో: బీసీఎల్-2ను లొంగదీసిన మాత్ర, మెల్‌బోర్న్ నుంచి వెనెటోక్లాక్స్ దాకా.

(సశేషం)